అత్తగారి తాళములు

శీర్షికను చూచి, ఇది బీరువా తాళములను గూర్చిన అత్తాకోడండ్ర తగవని సోదరీమణు లెవ్వరును తొందరపడి పుట త్రిప్పకుందురు గాక. మేము చెప్పబోవునవి భజనలో మ్రోయు కంచు తాళములు. తగవు మాత్రము కొంత యున్నది. అది మా మనసులోనే పుట్టి మా మనసులోనే తీరినది గనుక, ఇంతవఱకు ఇంటిలో ఎవ్వరికిని చెప్పలేదు.

మా యూరు పాలకుర్తి. పదుమూడవ శతాబ్దమున బసవపురాణమును, పండితారాధ్యచరిత్రమును ద్విపదలలో రచించిన సోమనాథకవి పుట్టిన యూరని అందఱు నెఱిగినదే. గుట్టమీద సోమేశ్వరస్వామియు లక్ష్మీనరసింహస్వామియు వెలసియున్నారు. పోతనగారి బమ్మెర మా మండలములోనిదే. మేము ఈ యూరికి మెట్టినవారము. పుట్టినింట మా నాయనగారు అమరమును, రఘువంశమును, భాగవతమును తామే కూర్చుండబెట్టి చెప్పిరి. బడి మెట్లెక్కి చదివినది బహు స్వల్పము. దైవికముగా మావారు బడిపంతులైరి. అత్తగారి సంగతి వేఱు. వారు అక్షరము నేర్వలేదు. అయినను బసవపురాణములోని బెజ్జమహాదేవి కథ వారికి మొదటినుండి కడవఱకు నోటికి వచ్చును. శివునకు తల్లి లేదే యని వగచి, తానే తల్లియై ఆయనకు నూనె యంటి నీళ్ళుపోసి పాలు త్రావించిన యా యమ్మ కథను అత్తగారు తమ తల్లి నోట విని నేర్చిరట.

మా వీథి స్త్రీలము ప్రతి సోమవారము సాయంకాలము చేరి భజన చేయుదుము. పాడువారము ఎనమండుగురము. హార్మోనియము వాయించు పెద్దమ్మ యొకరు, చిరుతలు పట్టు వదినె యొకరు, డోలకునకు మావారియొద్ద చదివిన పిల్లవాడొకడు. అత్తగారు పాడుచునే తాళములు వేయుదురు. నిరుడు చీటీ సొమ్ములోనుండి తలకు వేయి రూపాయలు తీసి, బెజ్జమహాదేవి కథను రికార్డు చేయించి శివరాత్రి జాగరణకు వీథిలో వినిపింపవలెనని సంకల్పించితిమి. పిల్లవానియొద్ద పైక మడుగలేదు. ఉచ్చారణమును దిద్దు భారమును మాపై నుంచిరి. అందులకు మేమును కొంత గర్వించితిమి. పదునైదు దినములు శకారమునకు సకారమునకు గల భేదమును అందఱిచేతను పలికించితిమి. అందఱును నేర్చిరి, అత్తగారు తప్ప. వారు 'సివ' యనియే యందురు. ఒకటి రెండుమారులు దిద్దబోగా, "ముసలి నోరు బిడ్డా, ఇగ తిరుగుతదా?" యని నవ్వి తాళము లందుకొనిరి.

రికార్డు చేయించుటకు హనుమకొండ పోయితిమి. ఆ స్టూడియో నడపు అబ్బాయికి ముప్పదియేండ్లు నిండియుండవు. నేటి పాటలలో పెక్కింటిని చేయు పద్ధతిని అతడు మొదట వివరించెను: ఒక్కొక్కరే లోని గదిలో నిలిచి, చెవులకు హెడ్‌ఫోను తగిలించుకొని, అందు గడియారమువలె టిక్కు టిక్కుమను లయను వినుచు తమ వంతు పాడవలెను, తరువాత అన్నిటిని యంత్రమున కలుపుదురు. మొదటి దినమున అట్లే ప్రయత్నించితిమి. అత్తగారు రెండు పాదములు పాడి హెడ్‌ఫోను తీసి, "చెవులల్ల గడియారం పెట్టి పాడుమంటె ఎట్ల పాడుదు బిడ్డా?" యని బయటికి వచ్చిరి. మేము మాత్రము తప్పు లేకుండ పాడితిమనుకొంటిమి. కాని అతికించిన పాదములను విన్నప్పుడు ఎవరి గొంతు వారిదిగానే యుండెను. రైలుపెట్టెలో ప్రక్కప్రక్కన కూర్చున్న పరాయివారివలె ఒకరి మొగ మొకరు చూడని గొంతులు. పెద్దమ్మ, "ఇది భజనా, హాజరు పట్టీయా?" యనెను.

ఆ అబ్బాయి మంచివాడు. తన పద్ధతియే సాగవలెనని పట్టుపట్టలేదు. మఱుసటి వారము పెద్ద గదిలో చాపలు పఱచి, అందఱము కలసి గుండ్రముగా కూర్చుండుట కేర్పాటు చేసెను.

ఇచ్చట మా చదువు కొంత అక్కరకు వచ్చినది. ఎవరెచ్చట కూర్చుండవలెనను విచారము క్రొత్తది కాదు. భరతుని నాట్యశాస్త్రమున వాద్యబృందమునకు కుతపమని పేరు. మృదంగము వాయించువారు నేపథ్యపు రెండు ద్వారముల నడుమ తూర్పుమొగముగా కూర్చుండవలెననియు, గాయకుల కొక దిక్కు, గాయనుల కొక దిక్కు అనియు అందు నియమము కలదు. శార్ఙ్గదేవుని సంగీతరత్నాకరమున ఉత్తమబృందమునకు లెక్క చెప్పబడినది: ముఖ్యగాయకులు నలుగురు, వారితో సమముగా పాడువారు ఎనమండుగురు, గాయనులు పండ్రెండుగురు, వేణువులవారు నలుగురు, మృదంగములవారు నలుగురు. అంతకు మించిన బృందమునకు ఆయన కోలాహలమని పేరు పెట్టినాడు! మేము పదునొకండుగురమే కనుక ఆ భయము లేకపోయినది. 1902లో గైస్‌బర్గు దొర కలకత్తాకు వచ్చి గౌహర్‌జాన్ పాటను పట్టిన నాటికి మైకు కూడ లేదు. పెద్ద బూరవంటి గొట్టముముందు నిలిచి కంఠమెత్తి పాడవలసినదే. గొంతు గలవారు గొట్టమునకు దగ్గఱగను, పెద్దగా మ్రోయు వాద్యములు దూరముగను ఉండవలెను. 1925లో విద్యుత్తుతో రికార్డు చేయు పద్ధతి వచ్చువఱకు లోకమంతటను ఇంతే. అనగా ఇప్పుడు యంత్రముతో చేయు పనిని అప్పుడు చాపతో చేసిరి. ఒకరి చాప ముందునకు, ఒకరి చాప వెనుకకు.

మా గుండ్రమునకు నడుమ, ఎత్తున రెండు మైకులు కట్టెను. హార్మోనియమునకొకటి, డోలకునకొకటి, అత్తగారి ముందొకటి, వారి ప్రక్కన కూర్చున్న మాకొకటి, తక్కిన ఆర్గురకు రెండు; వెరసి ఎనిమిది. చిరుతలకు మైకు వలదనెను. అవి యెట్లును అన్నిటిలోను వినబడునట. మైకు పాడువారికి అడుగు దూరమున నున్నచో, రెండవ మైకు మొదటిదానికి మూడడుగులైనను ఎడముగ నుండవలెనని కొలబద్ద పెట్టి సరిచూచెను. ఒకరి మైకులో ఇంకొకరి ధ్వని మితిమీఱి పడకుండుట కది ఉపాయము. పంకాలాపించెను. హార్మోనియపు తిత్తి ఊపిరి మైకులో వినబడుచున్నదని పెద్దమ్మను కొంచెము ప్రక్కకు జరిపెను. ఆమె కది కష్టముగా తోచినది. హార్మోనియమునకు అవమానము క్రొత్తది కాదని మేము ఊఱడించితిమి. 1940 మొదలుకొని 1971 వఱకు ఆకాశవాణి దానిని గడప త్రొక్కనీయలేదు గదా!

చెమటలు కాఱుచుండగా ముమ్మారు పాడితిమి. మూడవమారు పాడినది అందఱికిని నచ్చినది.

ఇక మిక్సింగు అను పని. సంక్రాంతి వెళ్ళిన తరువాత మేము, మావారు, హార్మోనియపు పెద్దమ్మ దానికై మఱల హనుమకొండ పోయితిమి. అత్తగారు మోకాళ్ళ నొప్పిచే రాలేదు. "ఆ పిలగాడు పొద్దంత కూసుంటడు, ఆకలైతది" అని ఒక డబ్బానిండ సకినాలు పెట్టి పంపిరి.

ఈ పని యేమో ఎఱుగని వారికై రెండు మాటలు. ఎనిమిది మైకులు పట్టిన యెనిమిది ధ్వనులు యంత్రమున వేఱువేఱుగ నుండును. ఒక్కొక్కదాని పాలు ఎంతయో నిర్ణయించి, అన్నిటిని ఎడమచెవి కొకటి, కుడిచెవి కొకటిగా రెండు ధ్వనులలోనికి దించుటయే మిక్సింగు. ఈ ఎడమకుడుల యుపాయమునకు 1931లో పేటెంటు కోరినవాడు బ్లమ్‌లైన్ అను ఆంగ్లేయుడు. ఆయన తరువాత తన భార్యయైన యువతితో సినిమాకు పోయి, తెరమీద మనిషి ఆ కొననుండి ఈ కొనకు నడచుచున్నను గొంతు మాత్రము ఒక్కచోటినుండియే వచ్చుచున్నదని గమనించి, దీనికి మార్గము కనుగొంటినని ఆమెతో చెప్పెనని కథ. సినిమా చూచుచు ఇట్టి మాటలు వినవలసి వచ్చిన ఆమె యోర్పును తలచి మాకు నవ్వు వచ్చును.

అబ్బాయి మొదట నడిమి రెండు మైకులను మాత్రమే వినిపించెను. గదియంతయు అందున్నది, మేమందఱము కొంచెము దూరమున నున్నాము. పిదప ఒక్కొక్కరి దగ్గఱి మైకును పులుసులో ఉప్పు వేసినట్లు కొంచెము కొంచెముగా చేర్చెను. చేర్చుటకంటె తీసివేయుటయే ఎక్కువగ చేసెను. అడుగున గుయ్యిమను విద్యుత్తు రొదను తగ్గించెను. అది క్షణమునకు 50 సారులు కంపించు ధ్వనియట. డోలకు తొంబఱగ మ్రోగుచోట కోసెను. ఆ తరువాత చేసిన పని మాకు అన్నిటికంటె వింతగా తోచినది. గాలిలో ధ్వని క్షణమునకు సుమారు 343 మీటర్లు పోవును. అనగా అడుగు దూరమునకు క్షణములో వేయవవంతు పట్టును. అత్తగారి తాళము వారి ముందరి మైకునకు ముందుగా తగిలి, తొమ్మిదడుగుల అవతల నున్న నడిమి మైకులకు వేయింట ఎనిమిది వంతులు ఆలస్యముగ తగులును. రెండిటిని అట్లే కలిపినచో, ఒకదాని యల పైకి లేచుచుండగా ఇంకొకదాని యల క్రిందికి దిగి, ఒకదానినొకటి కొంత చంపుకొనును, ధ్వని పలుచబడును. కనుక దగ్గఱి ధ్వనిని ఆ కొంచెము సేపు ఆపి, రెండిటిని ఒక్కమాటు కలియునట్లు చేసెను. అప్పటివఱకు రేకుడబ్బావలె నున్న తాళము ఒక్కసారిగా కంచైనది.

మధ్యాహ్నము దాటిన పిమ్మట అతడు, "చెవులు అలసిపోతయమ్మా, అలసిన చెవి అబద్ధం చెప్తది" అని అరగంట విరామ మిచ్చెను. మావారును పెద్దమ్మయు వేయిస్తంభముల గుడికి పోయిరి. మేము తలనొప్పి యని చెప్పి ఉండిపోయితిమి. తలనొప్పి లేదు.

విరామము తీఱిన వెంటనే మేము అబ్బాయితో, తాళముల మ్రోత హెచ్చుగ నున్నది, అత్తగారి మైకును కొంత తగ్గింపుమని చెప్పితిమి. అది నిజము కాదు. మా బాధ తాళము కాదు, 'సివ' యను మాట. నూఱుమంది వినుచోట, పండితారాధ్యచరిత్రము పుట్టిన యూరిలో, బడిపంతులుగారి తల్లి సకారము పలుకుటయా యని మాకు సిగ్గు. అతడు తగ్గించెను. ఇంకను అంటిమి. ఇంకను తగ్గించెను. మా గొంతు కొంచెము హెచ్చించిన బాగుండునేమో యంటిమి. హెచ్చింపగా పాటకే వెలుగు వచ్చినట్లు తోచినది. "పెద్దగ వినబడ్డదేదైనా మంచిగనే అనిపిస్తదమ్మా, అదొక మాయ" అని అతడు డబ్బా తెఱచి ఒక సకినము కొఱికెను. అత్తగారు చుట్టిన సకినము. మేము తల ప్రక్కకు త్రిప్పుకొని, ఆ మైకును పూర్తిగా ఆపుమంటిమి.

ఆపెను. సోదరీమణులారా, అత్తగారి గొంతు పోలేదు! తాళమును పోలేదు. రెండును ప్రక్కయింటినుండి, నూతిలోనుండి వచ్చినట్లు వినబడసాగెను. ఆ 'సివ' అట్లే యున్నది. పైగా మా మైకులోనే అందఱికంటె ఎక్కువగ నున్నది, కోడలు ప్రక్కననే కూర్చున్నది గనుక. అబ్బాయి తెరవైపే చూచుచు, "అవ్వ అన్ని మైకులల్ల ఉన్నదమ్మా. తీసెయ్యనీకి రాదు. దూరం చెయ్యొచ్చు, గంతే" అనెను.

అతడు యంత్రమును గూర్చియే చెప్పినాడు. మాకు మాత్రము గుక్క తిరుగలేదు.

అంతటితో తీఱలేదు. ప్రతి పాదము మొదటను ఏడుగురము తడబడి అందుకొనుచున్నట్లు వినబడెను. అంతవఱకు అట్లు లేదే యని వెదుకగా తెలిసినది: ప్రతి పాదమునకు ముందు అత్తగారు ఊపిరి పీల్చుదురు. ఆ పీల్పు వారి మైకులో స్పష్టముగ నున్నది. మేమందఱమును ఎఱుగకయే ఆ ఊపిరిని పట్టుకొని పాదమెత్తుచున్నాము. శార్ఙ్గదేవుడు బృందమునకు చెప్పిన యాఱు గుణములలో మొదటిది ముఖ్యుని అనుసరించుట. ఆ శ్లోకము మాకు చిన్ననాటినుండి వచ్చును. మా బృందమున ముఖ్యులెవరో మాత్రము మేము తెలిసికొనలేదు, మేమే యనుకొనియుంటిమి.

తడబాటు ఎక్కడిదో పట్టుటకు అబ్బాయి తక్కినవన్నియు ఆపి మా మైకు నొక్కదానినే వినిపించెను. ఒంటరిగ తన గొంతును తాను వినుట యెంత శిక్షయో విన్నవారికే తెలియును. మేము పాదమునకు రవ్వంత ముందుగ పోవుచున్నాము. పై స్వరములలో సూదిమొన యంత హెచ్చుచున్నాము. అది యట్లుండగా, పదునైదు దినములు దిద్దించిన ఆ శకారములు! ఒక్కొక్కటి పాము బుస. క్షణమునకు 5,000 మొదలు 8,000 కంపనముల నడుమ ఊష్మాక్షరముల బలమంతయు నుండుననియు, నోరు దగ్గఱగ నున్న మైకునకు అది ముల్లువలె గ్రుచ్చుకొనుననియు అతడు చెప్పి, బుసను అణచు సాధన మొకటి వేసెను. అత్తగారి సకారమునకు అట్టి మందు అక్కఱలేకపోయినది. ఎట్టి పామరులకును నోరాడునట్టి జాను తెనుగు కావలెనని కోరిన కవి మా యూరివాడే యని అప్పుడు జ్ఞాపకమునకు వచ్చినది. రావలసినప్పుడు రాని జ్ఞాపకముల కేమి!

మా స్వరమునైనను యంత్రముతో సరిదిద్దరాదా యని సిగ్గు విడిచి అడిగితిమి. వేఱువేఱుగ పాడినచో దిద్దవచ్చునట. కలసి పాడినప్పుడు మా మైకులో అత్తగారి గొంతును ఉన్నది గనుక, మమ్ము దిద్దబోయిన వారిని వంకర చేయవలసివచ్చును. ఒకరి లోటును ఒకరు నిర్వహించుకొనుటయు ఆ యాఱు గుణములలో నొకటి. మా లోటును అత్తగారి గొంతు చాలవఱకు కప్పినది. కప్పుచున్నదానిని మేము తీసివేయబూనితిమి.

గుడికి పోయినవారు వచ్చునప్పటికి అత్తగారి మైకు ఎప్పటిచోటికి వచ్చినది. మాది రెండు మెట్లు దిగినది. పెద్దమ్మ విని, "ఇప్పుడు మన వీథి లెక్క ఉన్నది" అనెను. మావారు గుడి మంటపములోవలె ప్రతిధ్వని చేర్పుమనిరి. అబ్బాయి చేర్చి వినిపింపగా మాటలు ఒకదానిపై నొకటి పడినవి. సగము, ఆపై పావు చేసి విడిచెను. చేతిఫోనులోను, ఆటోలోని పాతపెట్టెలోను వినిపించి చూచెను. ఫోనులో డోలకు ఎడమచేతి మ్రోత కానరాకపోయినది. అంత చిన్న నోటికి అంత లోతు పట్టదట. మా జిల్లా చిందు యక్షగాన కళాకారులు గడ్డం సమ్మయ్యగారు 2024లో పద్మశ్రీ పొందిరి. ఆ కళ పుట్టిన నాడు మైకు లేదు. ఊరంతటికి వినిపించిన గొంతులవి. మేమో, అరచేతి యంత్రములో ఇముడుటకు ఇంత పాటు పడితిమి.

ఆ రాత్రి వంటయింటి గడపలో కూర్చుండి అత్తగారికి ఫోనులో వినిపించితిమి. వారు చిక్కుడుకాయల యీనెలు తీయుచు వినిరి. కొంతసేపటికి చేయి ఆపి, "గీ ముసల్దెవలు బిడ్డా? తాళం మంచిగేస్తున్నది" అనిరి. మన గొంతు మనకు గాలినుండియే కాక మన యెముకలనుండియు వినబడును. ఆ రెండవ దారి లేక వినునప్పుడు ఎవరి గొంతు వారికి పరాయిదే. "మీరే అత్తమ్మా" అంటిమి. "నా గొంతు గిట్లుంటదా!" యని చాలసేపు నవ్విరి. తరువాత ఫోనును చెవికి దగ్గఱగ పట్టుకొని మఱల మొదటినుండి పెట్టుమనిరి. పెట్టితిమి. "మరి నీ గొంతేది?" యనిరి. లోపల నున్నదంటిమి. "ఎందుకు బిడ్డా, ఇంత పెద్దగ పెట్టియ్యమనకపోతివా ఆ పిలగాన్ని, చదువుకున్నదానివి" అనిరి.

మేము పొయ్యివైపు తిరిగి పాలు చూచుచున్నట్లు నటించితిమి. నాడు చెప్పుటకు నోరాడలేదు. శివరాత్రికి పాట వీథిలో మ్రోగినప్పుడును చెప్పలేదు.

అత్తగారికి చదువు రాదని మొదటనే వ్రాసితిమి. అయినను ప్రతిమాసము ఈ పత్రిక వచ్చిన దినమున, దీపము పెట్టిన తరువాత, మావారు వారి మంచము ప్రక్కన కూర్చుండి ప్రకటనలతో సహా చదివి వినిపించుట మా యింటి వాడుక. వారు ఒక్క పుటయు దాటనీయరు.